జ్ఞానయ్య మాస్టారికి రాని జబ్బు లేదు

ఎవరికి ఏ జబ్బు వచ్చినా, అది జ్ఞానయ్య మాస్టారికి అంతకు ముందే వచ్చి, తగ్గిపోయి ఉండేది.

పంటినొప్పి అన్నవాడికి తను నాలుగు దవడపళ్లు పీకించుకున్న వైనం చెప్పేవారు. చెబుతున్నంతసేపూ ముప్ఫైరెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతుండేవారు. కామెర్లు ఆయనకి రెండుసార్లు వచ్చాయి. టైఫాయిడ్ పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. మూత్రంలో రాళ్లు పడ్డాయి, చెవిలో చీము పట్టింది, కంట్లో పొర కమ్మింది, మోకాలి చిప్ప జారింది. ఒకసారి పాము కూడా కరిచింది. ఏం పామండీ అని అడిగితే, "పేరు చెప్పడానికి అది ఆగలేదు" అనేవారు.

యాభైనాలుగులో నేను కోడూరు ఎలిమెంటరీ స్కూల్లో అసిస్టెంటుగా చేరాను. మిషను వాళ్ల స్కూలు. ఆయన హెడ్మాస్టరు. ఆరడుగుల మనిషి, పడవలోంచి తీసి నిలబెట్టిన తెడ్డులా ఉండేవారు. చేరిన రోజున, బస్సు కుదుపులకి తల పగిలిపోతోందని పొరపాటున అన్నాను.

ఆయన సుద్దముక్క పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు. "తలనొప్పా? ముప్ఫైరెండులో నాకొచ్చింది చూడు పిచ్చేశ్వర్రావూ, పదకొండు రోజులు. పన్నెండో రోజు లేచేసరికి లేదు. నీది అంత పెద్దదేం కాదు. సాయంత్రానికి పోతుంది."

సాయంత్రానికి పోయింది. అది ఆయన మహిమ అని చాలాకాలం అనుకున్నాను.

పోస్టుమాస్టరు అంకమ్మరావు గారిని కుక్క కరిచింది. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచేవారు. ఆ సంగతి వినగానే అంకమ్మరావు గారు పోస్టాఫీసులోకి వెళ్లి లోపల గడియ వేసుకున్నారు. ఊరికి ఉత్తరాలు ఆగిపోయాయి. మాస్టారు వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డారు.

"అంకమ్మరావు గారూ, పద్నాలుగేనండీ. నేను ఇరవైఎనిమిది పొడిపించుకున్నాను."

లోపల్నుంచి, "ఇరవైఎనిమిది ఎందుకండీ?" అని వినిపించింది.

"రెండు కుక్కలు."

"నొప్పి ఉంటుందా?"

"నాలుగో సూది దాకా చిరాకుగా ఉంటుంది. ఐదోదానికి కాంపౌండరుతో కబుర్లలో పడతాం. తొమ్మిదో రోజుకి అతని పెళ్లి సంబంధాల గొడవంతా మనకి తెలిసిపోతుంది."

గడియ తీసిన చప్పుడైంది. అంకమ్మరావు గారు పద్నాలుగూ పొడిపించుకున్నారు. అవనిగడ్డ కాంపౌండరుకి పెళ్లి సంబంధం కూడా ఆయనే కుదిర్చారు.

నాకు ఒకసారి అనుమానం వచ్చి స్కూలు హాజరుపట్టీలు తిరగేశాను. ఇరవై ఏళ్లలో ఆయన జబ్బు సెలవు ఒక్క రోజు కూడా పెట్టలేదు. అదే అడిగాను.

"అన్నీ వేసవి సెలవుల్లోనే వచ్చాయి" అన్నారు.

"ఆసుపత్రి చీటీలేమైనా ఉన్నాయా మాస్టారూ?"

"ఉండేవి. తుపానులో కొట్టుకుపోయాయి."

ఆయన రుజువులన్నీ ఆ తుపానులోనే కొట్టుకుపోయాయి. దివిసీమలో ఎవరేం చెప్పినా నమ్మకపోవచ్చు గాని, తుపానుని కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

అలవాటు ముదిరితే ఒక్కోసారి ఇబ్బంది కూడా అవుతుంది. మా ఆవిడ వసుంధర తొలికాన్పుకి బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. బందరులో పొట్ట కోసి తీయాల్సి రావచ్చన్నారు. వసుంధర ఏడుస్తూ కూర్చుంది. ఆ సమయానికి మాస్టారు, ఆయన భార్య భాగ్యమ్మగారు మా ఇంటికి వచ్చారు.

"ఏం భయపడకమ్మా" అన్నారు మాస్టారు. "ఇందులో ఏమీ లేదు. నాకూ..."

వసుంధర ఏడుపు ఆపి ఆయన వైపు చూసింది.

భాగ్యమ్మగారు తొణక్కుండా, "ఆయనకి కాదమ్మా, నాకు. మా పెద్దాడు అలాగే పుట్టాడు" అంది. తర్వాత వసుంధర పక్కన కూర్చుని, ఏ రోజు ఎలా ఉంటుందో ఓపిగ్గా చెప్పుకొచ్చింది. చివరికి కోయాల్సిన అవసరం రాలేదు. మా అమ్మాయి మామూలుగానే పుట్టింది.

నా వంతు యాభైఏడులో వచ్చింది. అపెండిసైటిస్ అన్నారు. నేను స్వతహాగా పిరికివాణ్ణి. గడ్డం గీసుకుంటూ తెగితేనే కూర్చుండిపోతాను. వచ్చే గురువారం కోస్తామనేసరికి మావగారికి ఉత్తరం రాసేశాను, ఇక మీదే భారమని. సోమవారం సాయంత్రం మాస్టారు వచ్చి నా మంచం పక్కన స్టూలు వేసుకున్నారు.

"నాకు ముప్ఫైఆరులో తీశారు. విను. మొదటి రోజు దాహం. నీళ్లు ఇవ్వరు. తడిగుడ్డతో పెదాలు తుడుస్తారు, దానికే ప్రాణం లేచొస్తుంది. రెండో రోజు కడుపు డోలులా ఉబ్బుతుంది, కంగారుపడకు, అది గాలి. మూడో రోజు ఎవరైనా నవ్వించబోతే బయటికి పొమ్మను. నవ్వితే కుట్లు లాగుతాయి. నాలుగో రోజు నీకే విసుగొచ్చి ఇంటికి పోతానంటావు."

"మీకు ఎక్కడ కోశారండీ?"

"గుంటూరులో."

పొట్టమీద ఎక్కడ అని నా ఉద్దేశం. హెడ్మాస్టరుని చొక్కా ఎత్తమనడం బాగుండదని ఊరుకున్నాను. అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. దాహం, గాలి, మూడో రోజు కుట్లు, అన్నీ. ఇది ఆయనకీ అయిందిగా అనుకుంటూ, ఒక్కొక్కటీ దాటుకుని ఇంటికి వచ్చాను.

యాభైతొమ్మిది వానాకాలంలో మాస్టారికి దగ్గు పట్టుకుంది. వరసగా ఆరు వారాలు. పాఠం చెబుతూ దగ్గొచ్చినప్పుడల్లా ఆయన కుడిచేత్తో గజ్జల దగ్గర గట్టిగా అదుముకునేవారు. ప్రార్థన వేళ కూడా చెయ్యి అక్కడే ఉండేది. వారం తిరిగేసరికి పిల్లలందరూ ప్రార్థనలో కుడిచెయ్యి నడుం కింద పెట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. అదే కొత్త పద్ధతి అనుకున్నారు.

భాగ్యమ్మగారు ఆయన్ని బలవంతాన బందరు తీసుకెళ్లింది. అక్కడ సర్జను సుందరరాజు గారు. పొట్టిగా, తెల్లగా, మాట పొదుపుగా ఉండే మనిషి. పేగు గజ్జల్లోకి జారుతోంది, హెర్నియా అన్నారు. నిలబెట్టి దగ్గమన్నారట. మాస్టారు అడిగినదానికంటే పదిసార్లు ఎక్కువే దగ్గి చూపించారు.

"కోసి కుట్టాలి. కాని దగ్గు పూర్తిగా తగ్గాక రండి. కుట్లేశాక దగ్గితే ఊడిపోతాయి" అని డాక్టరు గారు మందు సీసా ఇచ్చి పంపారు.

"ఏమన్నారు మాస్టారూ?" అని అడిగాను.

"ఏముంది, హెర్నియాయే. ఎడం వైపు ఇదివరకే అయిందిగా నాకు."

తన జబ్బు కూడా తనకి అంతకు ముందే వచ్చేసిందన్నమాట.

దగ్గు ముప్పాతికవంతు తగ్గింది. ఇంకో పది రోజుల్లో బందరు వెళ్దామనుకుంటుండగా, ఒక సోమవారం పొద్దున నాలుగో తరగతికి పన్నెండో ఎక్కం చెప్పిస్తూ పెద్దగా ఒక దగ్గు దగ్గారు. బయటికి వచ్చిన పేగు మళ్లీ లోపలికి పోలేదు. పన్నెండెనిమిదులు తొంభైఆరు దగ్గర కుర్చీలో కూలబడ్డారు. మొహం సుద్దలా అయిపోయింది, వాంతి చేసుకున్నారు. పిల్లలు ఎక్కం ఆపకుండా చివరిదాకా చెప్పేశారు, ఆయన ఆపమనలేదు గదా అని.

నేను, భాగ్యమ్మగారు ఆయన్ని బస్సెక్కించాం. డ్రైవరు విషయం తెలుసుకుని ఎక్కడా ఎక్కువసేపు ఆపలేదు. పులిగడ్డ అక్విడక్టు వంతెన దాటేటప్పుడు మాస్టారు కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. చల్లపల్లి దాటేసరికి పిడికిలి ఇంకా బిగిసింది. ఆ దారంతా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

బందరు ఆసుపత్రిలో మగవాళ్ల వార్డులో నాలుగో నంబరు మంచం ఇచ్చారు. డాక్టరు గారు ఇంకా రాలేదు. పక్క మంచం మీద ఒక గట్టి మనిషి మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉన్నాడు. పేరు ఏడుకొండలు. హంసలదీవి నుంచి వచ్చాడు, సముద్రం మీద వేటకెళ్లే మనిషి. పడవ లాగీ లాగీ అతనికీ హెర్నియాయే వచ్చింది. మర్నాడే ఆపరేషన్. ఇదివరకు రెండుసార్లు ఆపరేషన్ రోజు పొద్దున్నే మంచం దిగి ఊరికి వెళ్లిపోయాడని అతని భార్య రాఘవమ్మ మాతో మొత్తుకుంది.

మాస్టారు నొప్పితో మెలికలు తిరుగుతున్నారు. అయినా తల అతని వైపు తిప్పారు.

"హెర్నియాకా అబ్బాయ్ భయం? నాకు ఎడం వైపు అయింది. ఇప్పుడు కుడి వైపుకొచ్చాను. చీమ కుట్టినట్టు ఉంటుందంతే."

ఏడుకొండలు మోకాళ్లు వదిలాడు. "నిజవేనాండీ? ఓసారి కోయించుకుని మళ్లీ వచ్చారా తమరు?" అని మొహం తేటబడి భార్య వైపు చూశాడు.

అప్పుడే సుందరరాజు గారు వచ్చారు, వెనకాల సరోజిని సిస్టరు. డాక్టరు గారు గజ్జ దగ్గర చెయ్యి పెట్టి చూసి, "ఇరుక్కుపోయింది. ఇప్పుడే కోయాలి" అన్నారు. "దగ్గు తగ్గిందా?"

"పూర్తిగా తగ్గలేదండి" అంది భాగ్యమ్మగారు.

"అయితే మత్తు పీల్చడం కుదరదు. వెన్నులో ఇంజెక్షన్ ఇస్తాను. మెలకువగానే ఉంటారు. ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా?"

మాస్టారు నోరు విప్పలేదు. ఆయనకి ఓపిక లేదేమోనని నేనే అందుకున్నాను. "చాలా అయ్యాయండి. అపెండిక్స్ ముప్ఫైఆరులో. తర్వాత మూత్రపిండంలో రాయి. కడుపులో పుండుకి ఒకటి. ఎడం వైపు హెర్నియా. కుక్క కరిచినప్పుడు ఇరవైఎనిమిది ఇంజెక్షన్లు."

డాక్టరు గారు మాస్టారి చొక్కా పైకెత్తారు. వార్డంతా చూస్తోంది. ఆయన పొట్ట కొత్త పలకలా ఉంది. ఒక గీత లేదు, ఒక గాటు లేదు.

"ఎవరు కోశారండీ ఇవన్నీ?" అన్నారు డాక్టరు గారు నాతో.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు. వార్డులో ఎవరో నవ్వారు. ఏడుకొండలు మాత్రం నవ్వలేదు. "అయితే తమరికి అవలేదాండీ?" అని నెమ్మదిగా అడిగాడు.

"అవలేదు" అన్నారు మాస్టారు.

ఏడుకొండలు మంచం దిగి తువ్వాల్లో బట్టలు మూట కట్టడం మొదలుపెట్టాడు. రాఘవమ్మ నెత్తి కొట్టుకుంది. స్ట్రెచరు వచ్చింది. మాస్టారిని దాని మీదికి ఎక్కిస్తుంటే, ఆయన చెయ్యి చాపి ఏడుకొండలు మూట పట్టుకున్నారు.

"నేను వెళ్లొచ్చేదాకా ఆగు."

"తమరు రాకపోతే?"

"అప్పుడు వెళ్లిపో. నిన్ను తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు."

స్ట్రెచరు లోపలికి వెళ్లిపోయింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆయనకి ఏమవుతుందోనన్న భయం ఒకవైపు, కోపం ఒకవైపు. ఏ మాట పట్టుకుని నేను కత్తి కిందికి వెళ్లానో ఆ మాట అబద్ధం.

"అక్కయ్యగారూ, నాకు అపెండిక్స్ అప్పుడు ఆయన చెప్పిందంతా కల్పనేనా?" అని భాగ్యమ్మగారిని అడిగాను.

"పెళ్లయి ఇరవైఎనిమిదేళ్లయింది తమ్ముడూ. ఆయనకి జలుబు తప్ప ఏ రోగం రావడం నేను చూడలేదు. ఇదే మొదటిది."

"మరెందుకండీ ఇదంతా?"

ఆవిడ థియేటరు తలుపు వైపు చూస్తూ చెప్పింది. "మేము కొత్తగా పమిడిముక్కల వైపు పనిచేసేటప్పుడు ఊళ్లోకి కలరా వచ్చింది. ఇంజెక్షన్లు వేయడానికి గవర్నమెంటు మనిషి వస్తే ఊరు ఊరంతా పొలాల్లోకి పారిపోయింది. ఈయన గట్టు మీద నిలబడి, 'నాకు కలరా వచ్చింది, సూది వేయించుకున్నాను, చూడండి ఎలా ఉన్నానో' అని అరిచారు. అందరూ వచ్చి చేతులు చాపారు. ఆ మర్నాడు ఒకడు గడ్డ కోయించుకోవాలని భయపడుతూ వచ్చాడు. మీకెప్పుడైనా అయిందా మాస్టారూ అని అడిగాడు. లేదంటే వాడి మొహం ఏమయ్యేదో. అవునన్నారు. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు."

"మీ క్రైస్తవులకి అబద్ధం పాపం కదండీ?"

"ప్రతి ఆదివారం ప్రార్థనలో ఒప్పుకుంటారు. సోమవారం మళ్లీ ఎవరో ఒకరు వస్తారు."

నాకు ఇంకా మింగుడుపడలేదు. "కాని అక్కయ్యగారూ, ఆయన చెప్పింది చెప్పినట్టే జరిగింది నాకు. దాహం, గాలి, మూడో రోజు కుట్లు. అవన్నీ ఎలా తెలిశాయి?"

"గుడివాడ వెళ్లొచ్చారు."

"ఎందుకు?"

"అక్కడ ఎవరికో అపెండిక్స్ తీశారని విని. నీకు గురువారం అన్నారు కదా. ఆ ముందు ఆదివారం మొదటి బస్సుకి వెళ్లి, అతని ఇల్లు వెతికి పట్టుకుని, సాయంత్రం దాకా కూర్చుని అన్నీ అడిగి వచ్చారు. రోజురోజుకీ ఎలా ఉంటుందని. ఆ వారం ఆరాధనకి రాలేదేమని పాస్టరు గారు అడిగితే ఒంట్లో బాగాలేదని నేనే చెప్పాను. ఎవరికి ఏదొచ్చినా అంతే. ముందు వెళ్లి, నిజంగా అయినవాళ్లని కనుక్కుని వస్తారు. ఊరికే తోచింది చెప్పరు. వసుంధరకి చెప్పడానికి నేను చల్లపల్లిలో ఒకావిడ దగ్గర రెండు పూటలు కూర్చున్నాను."

భాగ్యమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని, "ఇవాళ ఆయనకి కనుక్కుని చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు" అంది.

లోపల జరిగింది తర్వాత సరోజిని సిస్టరు చెప్పింది.

వెన్నులో సూది వేశారు. నడుం కింద మొద్దుబారిపోయింది. ఛాతీ దగ్గర అడ్డంగా గుడ్డ కట్టారు. "దగ్గొస్తుంటే ముందు చెప్పండి, చేతులు తీసేస్తాను" అన్నారు డాక్టరు గారు. కోత మొదలైన ఐదు నిమిషాలకి, "వస్తోందండి" అన్నారు మాస్టారు. అందరూ చేతులు పైకెత్తి నిలబడ్డారు. దగ్గొచ్చింది, పోయింది. మళ్లీ పని. అలా ఐదుసార్లు. ఆరోసారి, "వస్తోందండి" అన్నారు. అందరూ ఆగారు. ఎంతసేపటికీ రాలేదు. "క్షమించండి, వెళ్లిపోయింది" అన్నారు.

మధ్యలో ప్రశ్నలు. ఇప్పుడేం చేస్తున్నారండీ, ఆ చప్పుడేమిటండీ, ఎన్ని పొరలుంటాయండీ. సుందరరాజు గారు ఆపరేషన్లో కత్తెర అని తప్ప ఇంకో మాట అనని మనిషి. చివరికి విసిగి, "ఇవన్నీ మీకెందుకండీ?" అన్నారు.

"రేపు ఎవరైనా అడిగితే సరిగ్గా చెప్పాలి కదండీ."

ఒకచోట డాక్టరు గారు ఆగిపోయారు. చాలాసేపు కదల్లేదు.

"నాకు దగ్గు రావడం లేదండీ, ఎందుకాగారు?" అన్నారు మాస్టారు.

డాక్టరు గారు దాచలేదు. "పేగు నల్లబడింది. వేడినీళ్ల గుడ్డ వేశాను. రంగు తిరిగొస్తే సరే. రాకపోతే ఆ ముక్క కోసి తీసేయాలి. దగ్గుతో అది కష్టం. చూస్తున్నాను."

మాస్టారు ఇంక ఏమీ అడగలేదు. నుదుటి మీద చెమట పట్టింది. సిస్టరు తుడుస్తూ, "భయపడకండి మాస్టారూ. నాకూ ఇదే అయింది" అంది.

ఆయన కళ్లు తిప్పి చూశారు. "ఏ వైపు?"

"కుడి వైపు."

"ఎప్పుడు?"

సిస్టరు ఒక్క క్షణం తడబడింది. "చిన్నప్పుడు."

"చీటీలు తుపానులో పోయుంటాయి."

"అవునండి."

మాస్టారు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ మాట అబద్ధమని ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అయినా పనిచేసిందట. గుండెదడ అక్కడితో తగ్గిందని ఆయనే నాకు చెప్పారు. ఇంకో ఐదు నిమిషాలకి గుడ్డ తీసి చూసి, "రంగు వచ్చింది" అన్నారు డాక్టరు గారు. ఆ రెండు మాటలకి తలుపు దగ్గరున్న వార్డుబాయ్ కూడా ఊపిరి వదిలాడని సిస్టరు చెప్పింది.

స్ట్రెచరు తిరిగి వార్డులోకి వచ్చేసరికి ఏడుకొండలు మంచం అంచున మూట ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.

"అయిందాండీ?"

"అయింది. ఇది నిజం. కావాలంటే డాక్టరు గారిని అడుగు."

"చీమ కుట్టినట్టుందా?"

వార్డంతా చెవులు రిక్కించింది.

"కోసేటప్పుడు ఏమీ తెలియలేదు. ఎవరో పక్కింట్లో గోడ గీకుతున్నట్టుంది. భయం మాత్రం వేసింది ఏడుకొండలూ. చాలా వేసింది. ఒకచోట ప్రాణం పోతుందనుకున్నాను. అయినా వచ్చాను చూశావుగా."

ఏడుకొండలు ఒళ్లోని మూట తీసి మంచం మీద పెట్టాడు. "ఇంత పెద్దమనిషికే భయం ఏత్తే, నాకు ఏత్తే తప్పులేదన్నమాట" అన్నాడు రాఘవమ్మతో. మర్నాడు మాత్రం కోయించుకోనన్నాడు. "మాస్టారి కుట్లు ఆగుతాయో లేదో చూడాల" అన్నాడు. డాక్టరు గారు ఎందుకో కోప్పడకుండా శుక్రవారానికి మార్చారు.

ఆ నాలుగు రోజులూ వార్డులో అందరి పనీ మాస్టారి దగ్గుని కనిపెట్టుకుని ఉండటమే. దగ్గు వచ్చినప్పుడు దిండుని కుట్ల మీద అదిమి పట్టుకుని, ముందుకు వంగి దగ్గమని సిస్టరు నేర్పింది. మాస్టారు దిండు అందుకోవడం ఆలస్యం, అటు పది మంచాలూ ఇటు పది మంచాలూ మాటలాపేసేవి. ఏడుకొండలు లేచి వచ్చి ఆయన వీపు పట్టుకునేవాడు. దగ్గు అయ్యాక సిస్టరు కట్టు చూసి, ఏం కాలేదని తల ఊపేది. మాటలు మళ్లీ మొదలయ్యేవి. మూడో రోజుకి వార్డులో ఎవరికి తుమ్మొచ్చినా పొట్టమీద దిండు పెట్టుకోవడం అలవాటైపోయింది. కాలు విరిగి వచ్చినాయన కూడా పెట్టుకున్నాడు.

శుక్రవారం నాటికి ఒక్క కుట్టూ చెక్కుచెదరలేదు. ఏడుకొండలు స్ట్రెచరు వద్దని కాళ్లమీద నడిచి థియేటరుకి వెళ్లాడు. లోపల అతనే డాక్టరు గారికి చెప్పాడట. "ఇప్పుడు నన్ను ముడుచుకుని పడుకోమంటారు. ఎన్నులో గుచ్చుతారు. కాళ్లు ఏడెక్కి, తర్వాత ఉన్నాయో లేవో తెలవదు. పొరలు చాలా ఉంటాయి, తొందరపడకండి, నిదానంగా కానీయండి." అరగంటలో పని అయిపోయింది. సుందరరాజు గారు చేతులు కడుక్కుంటూ, తన సర్వీసులో కదలకుండా పడుకున్న మొదటి పేషెంటు వీడేనన్నారట.

పదకొండో రోజు మాస్టారిని డిశ్చార్జి చేశారు. దగ్గు పూర్తిగా పోయింది. కుట్లు తీసేశారు. గజ్జల్లో నాలుగంగుళాల గీత మిగిలింది. ఆయన దాన్ని భాగ్యమ్మగారికి, నాకు, పరీక్షకి వచ్చిన జూనియరు డాక్టరుకి కూడా రెండేసి సార్లు చూపించారు. మేము సంచులు సర్దుకుంటుండగా సుందరరాజు గారు వచ్చారు. వెళ్లబోతున్నవాళ్లని చూడటానికి ఆయన ఎప్పుడూ రారని సిస్టరు మెల్లిగా అంది.

"మాస్టారూ, మీకు శనివారం మధ్యాహ్నం స్కూలుంటుందా?"

"ఉండదండి."

"నేను వారానికి ఆరో ఏడో ఆపరేషన్లు పెట్టుకుంటాను. సగంమంది ముందురోజే పారిపోతారు. మళ్లీ ముదిరిపోయాక వస్తారు. మీకు వీలైతే శనివారాలు వచ్చి వార్డులో కాసేపు కూర్చుంటారా?"

మాస్టారి మొహం ముందు వెలిగింది, తర్వాత తగ్గింది. "నాకు నిజంగా తెలిసింది హెర్నియా ఒక్కటేనండి. మిగతావాటికి ఊళ్లు తిరిగి కనుక్కునేవాణ్ణి. బందరులో ఎవరినని వెతకను?"

డాక్టరు గారు వార్డు ఒకసారి కలయజూశారు. ఆరో నంబరు మంచం మీద గుడివాడ రైసుమిల్లు గుమాస్తా ఒకాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిత్తాశయంలో రాళ్లు. రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు.

"నన్ను అడగండి, చెబుతాను" అన్నారు డాక్టరు గారు గొంతు తగ్గించి. "తర్వాత వాళ్లకి మీరు ఎలా చెప్పుకుంటారో నేను వినను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కేసుషీటు వెనక్కి తిప్పి, పెన్సిలుతో పిత్తాశయం బొమ్మ గీయడం మొదలుపెట్టారు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగారు. మొదటి రోజు ఎలా ఉంటుందండీ, గొట్టం ఎన్నాళ్లు ఉంచుతారండీ, నవ్వచ్చా అని అడుగుతున్నారు. భాగ్యమ్మగారు సర్దిన సంచి విప్పి మళ్లీ మంచం మీద పెట్టింది. నేను గడియారం చూపించాను గాని ఇద్దరూ తల ఎత్తలేదు. కోడూరు బస్సు వెళ్లిపోయింది.